ఆపరేషన్ పట్నంలో... నొప్పి ఊళ్లో

మా పెద్దమ్మది జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం అవతలి ఊరు. హైదరాబాద్‌లో మోకాలి చిప్ప మార్పించుకుని ఇంటికొచ్చిన పదో రోజున చూడ్డానికి వెళ్లాను. నులక మంచం తీసేసి బల్ల మంచం వేశారు. తలగడ పక్కనే మందుల కవర్. మాటల మధ్యలో ఒక్కో షీటూ తీసి చూశాను. యాంటీబయాటిక్ అయిపోయింది. గ్యాస్ గోలీ ఒక్కటీ మిగల్లేదు. నొప్పి గోలీలు మాత్రం 19 అలాగే ఉన్నాయి.

"ఇవేంది పెద్దమ్మా, ఏస్కుంట లేవా?"

"గవి పవర్ గోలీలు కొడుకా. కిడ్నీలు ఖరాబైతయంట. మరీ ఓర్సుకోలేనప్పుడు ఏస్కుందామని పక్కకు వెట్టిన."

"మరి నొప్పో?"

"కోసినంక నొయ్యదా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే కన్న మనిషి. ముప్ఫయ్యేళ్లు అల్లం తవ్వి, ఆలుగడ్డ ఏరి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఓర్చుకోవడం ఆమెకు ఒకరు నేర్పాల్సింది కాదు. కానీ రాత్రి రెండింటికి లేచి కూర్చుని తెల్లారేదాకా గోడ చూస్తోందని మా వదిన చెప్పింది. పగలేమో కాలు కదిపితే ప్రాణం పోతోందని మోకాలి కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటోంది. వ్యాయామం చేయించడానికి వచ్చిన ఫిజియోథెరపీ అబ్బాయి వంచబోతే అరిచి, వాణ్ని మళ్లీ రావద్దంది. లక్షలు పోసి వేయించుకున్న కొత్త కీలు పది రోజుల్లోనే బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. డబ్బు దాచినట్టు దాచుకున్న ఆ 19 గోలీలే కారణం.

జహీరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి కవర్లు చాలా ఇళ్లలో ఉంటాయి. పట్టణం 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. చెరకు సీజన్లో వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, దాన్ని చీకట్లో గుద్దిన బైకు: ఈ కథ తెలియని ఊరు ఇక్కడ లేదు. "కాలుకు రాడ్ ఏసిన్రు", "చెయ్యికి ప్లేట్లు వడ్డయి" అనే మాటలు కిరాణా కొట్టు దగ్గర ధరల ముచ్చటంత మామూలుగా వినిపిస్తాయి. జహీరాబాద్ పట్టణంలో ఏరియా ఆసుపత్రి ఉంది, సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అయినా పెద్ద ఎముకల ఆపరేషన్ అనగానే చాలామంది వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కో, ముప్ఫై కిలోమీటర్ల లోపున్న బీదర్‌కో పోతారు. బీదర్ పరాయి రాష్ట్రమని ఇక్కడెవరికీ అనిపించదు. 1956లో రాష్ట్రాలను విడదీసేదాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనిదే.

దవాఖానలో ఉన్న నాలుగైదు రోజులూ నొప్పిని ఎవరో ఒకరు చూస్తుంటారు. నర్సు వచ్చి అడుగుతుంది, సెలైన్‌లో మందు కలుస్తుంది, మత్తు డాక్టర్ ఒకసారి తొంగి చూస్తాడు. తర్వాత డిశ్చార్జి. కాలు చాపి కారు వెనక సీట్లో పడుకోబెట్టి, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా డ్రైవర్‌ని తిట్టుకుంటూ ఇంటికి తెస్తారు. అసలు నొప్పి కాలం అప్పటినుంచి మొదలవుతుంది. అప్పటినుంచే దాన్ని చూసేవాళ్లు ఉండరు.

మత్తు దిగిన రాత్రి

ఎముకలో నొప్పి ఉండదని కొందరంటారు, పొరపాటు. ఎముక మీద సన్నటి పొర ఒకటి ఉంటుంది, దాన్నిండా నరాల చివర్లే. రంపం, డ్రిల్లు, స్క్రూ అన్నీ ఆ పొరను దాటుకునే వెళ్లాలి. దానికి తోడు కోసిన చర్మం, పక్కకు లాగిన కండ, రెండు మూడు రోజులపాటు పెరిగే వాపు. అందుకే మిగతా చాలా ఆపరేషన్ల కంటే కీళ్లు, ఎముకల ఆపరేషన్ల తర్వాత నొప్పి ఎక్కువ.

వెన్నుకు మత్తు ఇచ్చే పనిలో తొలి అడుగు ఎముకల రోగి మీదే పడింది. 1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ పట్టణంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్, క్షయ పట్టిన చీలమండకు ఆపరేషన్ చేయడానికి ఒక కూలీకి వెన్నులోకి కొకైన్ ఎక్కించాడు. నడుము కింది భాగానికి మాత్రమే మత్తు ఇవ్వడం అలా మొదలైంది. కొద్ది రోజుల్లోనే తన మీదా, తన సహాయకుడి మీదా అదే పరీక్ష చేసుకున్నాడు. సహాయకుడి మోకాలి కింది ఎముక మీద ఇనప సుత్తితో కొట్టి చూస్తే నొప్పి తెలియలేదట. ఆ తర్వాత బియర్‌కు రోజుల తరబడి తలనొప్పి. లేచి కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. వెన్నుకు మత్తు తీసుకున్న కొద్దిమందికి ఇప్పటికీ వచ్చేది అదే తలనొప్పి. సన్న సూదులు వచ్చాక బాగా తగ్గింది.

మనవాళ్ల భయం మాత్రం తల గురించి కాదు, నడుము గురించి. "ఎన్నుల సూది ఇచ్చిన్రు, ఇగ బతికినన్నాళ్లు నడుం నొప్పే" అని ఎన్నిసార్లు విన్నానో. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉంటుంది, నిజమే. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పిని మాత్రం ఆ సూది మీదికి తోయడానికి ఆధారం లేదు.

మత్తు విషయంలో మనం వెనకబడిన వాళ్లమూ కాదు. క్లోరోఫామ్ ఎంత భద్రమో తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్ సంస్థానంలో కమిషన్లు కూర్చున్నాయి. నడిపింది సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఖర్చు భరించింది ఆరో నిజాం ప్రభుత్వం. క్లోరోఫామ్‌తో ముందు ఆగేది ఊపిరే గానీ గుండె కాదని వాళ్లు తేల్చిన మాట తర్వాతి పరిశోధనల్లో నిలవలేదు. కానీ లండన్ వైద్య పత్రిక 'లాన్సెట్' తన నిపుణుణ్ని హైదరాబాద్ పంపేంత చర్చ జరిగింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పడిన రూపాబాయి ఫర్దూన్‌జీ చదువుకున్నది ఆ లారీ నడిపిన మెడికల్ స్కూల్లోనే.

ఇప్పుడు వెన్నుకు ఇచ్చే మత్తుతో పాటు, తొడ దగ్గరో భుజం దగ్గరో స్కానింగ్‌లో నరాన్ని చూస్తూ దాని పక్కనే మందు వేస్తున్నారు. నరం బ్లాక్ అంటారు. ఒకసారి వేస్తే సగం రోజు నుంచి ఒక రోజు దాకా ఆ కాలు తనది కాదన్నట్టు ఉంటుంది. రోగి కులాసాగా టీ తాగుతాడు, చూడవచ్చిన వాళ్లతో "ఏం నొప్పి లేదు, ఉత్తగనే భయపడ్డ" అంటాడు. ఆ మాటన్న రాత్రే మత్తు దిగుతుంది. ఒక్కసారిగా, గట్టు తెగినట్టు. అప్పుడు గోలీ వేసుకుంటే అది పని మొదలుపెట్టేసరికి ముప్పావు గంట, గంట. ఆ గంటలో మనిషి సగమవుతాడు. అందుకే కాలికి స్పర్శ తిరిగి రావడం మొదలైనప్పుడే, నొప్పి ఇంకా గడప దాటకముందే, మొదటి గోలీ పడాలి. బ్లాక్ ఎప్పుడు దిగుతుందో మత్తు డాక్టర్‌ని అడిగి, చీటీ మీద ఆ టైము రాసుకోవడం ఇంట్లోవాళ్ల పని.

గడియారం మాట వినాలి

డిశ్చార్జి కాగితం మీద మందు పక్కన 1-0-1 అనో, 1-1-1 అనో ఉంటుంది. కొన్నింటి పక్కన ఎస్‌ఓఎస్ అని ఉంటుంది. అవసరమైతేనే అని దాని అర్థం. మా పెద్దమ్మలాంటి వాళ్లు మొత్తం కాగితాన్నే ఎస్‌ఓఎస్‌గా చదువుకుంటారు. మొదటి వారం పది రోజులు నొప్పి మందు వేసుకోవాల్సింది నొప్పిని చూసి కాదు, గడియారాన్ని చూసి. నొప్పి ముదిరాక దాన్ని దించడానికి పెద్ద మందు కావాలి. రాకముందే ఆపడానికి చిన్న మందు చాలు. గోలీలు దాచుకున్నవాళ్లే చివరికి పెద్ద సూదుల దాకా పోతారు.

మొదటి చిన్న మందు పారాసెటమాల్. జ్వరం గోలీ అని మనం చులకన చేసేది ఇదే. డోలో అనే పేరుతో దీన్ని ఎరగని ఇల్లు లేదు. వేళ తప్పకుండా వేసుకుంటే మిగతా మందుల అవసరాన్ని బాగా తగ్గిస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ హద్దు. బక్కపలచని వాళ్లకూ, లివర్ జబ్బున్న వాళ్లకూ, రోజూ తాగేవాళ్లకూ అంతకంటే తక్కువ. ఇక్కడో మెలిక ఉంది. నొప్పులకని ఇచ్చే జంట గోలీల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. జలుబు గోలీలోనూ ఉంటుంది. మూడు రంగులు, మూడు పేర్లు, లోపల ఒకటే మందు. షీటు వెనక చిన్నక్షరాలు చదవగలిగిన మనవడో మనవరాలో ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించండి.

కిడ్నీల గురించి పెద్దమ్మ భయం ఉత్తది కాదు. కాకపోతే అది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి వాపు తగ్గించే మందులకు చెందిన భయం. ఇవి బాగా పనిచేస్తాయి. కానీ పెద్ద వయసు, షుగర్, బీపీ గోలీలు, ముందే దెబ్బతిన్న కిడ్నీలు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు ప్రమాదం. రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నవాళ్లకు రక్తస్రావం భయం కూడా. డాక్టర్ లెక్క చూసి ఇచ్చిన కొద్ది రోజులు వేసుకోవడం వేరు. ఆర్‌ఎంపీ దగ్గర రోజూ ఒక సూది పొడిపించుకుంటూ, పైన ఇంట్లో అదే మందు గోలీ వేసుకోవడం వేరు. సూది అయితేనే పనిచేస్తుందన్న నమ్మకం మన పల్లెలను వదలడం లేదు. నోటితో మింగగలిగిన మనిషికి చాలావరకు గోలీ సరిపోతుంది. తెల్ల పొట్లంలో పేరు లేని 'నొప్పుల పొడి' ఇస్తే మాత్రం అసలు తీసుకోవద్దు. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. నొప్పి మాయమవుతుంది గానీ షుగర్ పెరుగుతుంది, గాయం మానదు, లోపల చీము పడితే బయటికి తెలియదు.

ఇంకా గట్టిది ట్రమడాల్. తల తిప్పుతుంది, వాంతి తెప్పిస్తుంది, మలబద్ధకం చేస్తుంది. 2018 నుంచి మత్తు పదార్థాల చట్టం కిందికి వచ్చింది కాబట్టి చీటీ లేకుండా మందుల షాపులో ఇవ్వకూడదు. 'మత్తుమందు' అన్న మాట విని భయపడి మానేసేవాళ్లు ఒక రకం. బాగుందని నెల దాటినా కొనసాగించేవాళ్లు ఇంకో రకం. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి "అమ్మా, ఆ గోలీలు ఏస్కోకు, అలవాటైతయి" అంటాడు. అతని భయం అక్కడిది. 1996లో ఆక్సీకాంటిన్ వచ్చాక నల్లమందు జాతి గోలీలను అక్కడ విచ్చలవిడిగా రాసి, లక్షల ఇళ్లను ముంచారు. మన కథ తిరగేసి ఉంటుంది. 1985 నాటి ఆ మత్తు పదార్థాల చట్టం భయానికి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశాక కూడా చిన్న పట్టణాల్లో అది దొరకడం కష్టమే. ఆపరేషన్ తర్వాత డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పిన కొద్ది రోజులు వాడి ఆపేస్తే అలవాటయ్యే అవకాశం తక్కువ. ఆపే తేదీ కూడా కాగితం మీద ఉండాలి, అంతే.

ఈ ప్రాంతంలో మత్తు డాక్టర్‌కి తప్పక చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఎవరూ చెప్పనిదీ అదే: కల్లు. తెలంగాణలో చాలాచోట్ల దొరికే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ లాంటివి కలుపుతారని అందరికీ తెలుసు. రోజూ దానికి అలవాటైన మనిషి తుంటి విరిగి దవాఖానలో పడితే ఆ మందు హఠాత్తుగా ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా రావొచ్చు. "మత్తు ఎక్కువిచ్చి మనిషిని పిచ్చోన్ని చేసిన్రు" అని ఇంట్లోవాళ్లు డాక్టర్ మీదికి పోతారు. ముందే చెప్పి ఉంటే దానికి వైద్యం ఉంది. ఇంటికొచ్చాక నొప్పి తెలియకుండా ఉంటుందని ట్రమడాల్ మీద ఒక సీసా కల్లు పోయించడం ఇంకా ప్రమాదం. రెండూ కలిసి నిద్రలోనే ఊపిరి ఆపగలవు.

రూపాయిలో ఎన్నాణాలు?

డాక్టర్లు నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో అడుగుతారు. పిల్లలకు నవ్వే మొహం, ఏడ్చే మొహం బొమ్మలు చూపిస్తారు. మా ప్రాంతపు ముసలివాళ్లను పదిలో ఎంత అంటే తెల్లమొహం వేస్తారు. "రూపాయిలో ఎంత తగ్గింది?" అని అడగండి. "ఆఠాణా తగ్గింది", "ఇంకా బారాణా ఉంది" అని తడుముకోకుండా చెప్తారు. అణాలు పోయి అరవయ్యేళ్లు దాటినా నొప్పి లెక్కల్లో ఇంకా చలామణీలో ఉన్నాయి. ఈ కొలత ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు గానీ, జహీరాబాద్ వార్డులో అంకెల కంటే ఇదే మేలని నా నమ్మకం. ఇక్కడ ఒకే గదిలో ఒకరు నొప్పి అంటారు, ఒకరు దర్ద్ అంటారు, ఒకరు కన్నడంలో నోవు అంటారు. అణాలు అందరికీ అర్థమవుతాయి.

ఎంత ఉందన్నది ఒకటైతే, ఎలా ఉందన్నది ఇంకొకటి. తెలుగులో నొప్పికి మాటలకు కరువా? సలుపు, పోటు, తీపు, గుంజుడు, మంట, తిమ్మిరి. రాత్రిపూట సలిపేది వాపు. కదిపినప్పుడు గుంజేది కండ. మంటా, సూదులు గుచ్చినట్టు పొడుపూ నరం మాటలు, వాటికి మందే వేరు. రోగి నోటి వెంట వచ్చిన మాటను "పెయిన్" అని ఒక్కటిగా చుట్టేస్తే సగం సమాచారం పోయినట్టే.

ముఖ్యంగా మాట మారినప్పుడు వినాలి. కాలు విరిగి రాడ్ వేశాక గానీ, సిమెంట్ పట్టీ కట్టాక గానీ, గోలీలు పడుతున్నా గంట గంటకూ నొప్పి పెరుగుతుంటే, లోపల బిగదీసినట్టుందని అంటుంటే, మరొకరు కాలి వేళ్లను మెల్లగా వంచి చాపితేనే కేక పెడుతుంటే, వేళ్లు మొద్దుబారుతుంటే అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు. కండరాల గదిలో ఒత్తిడి పెరిగి రక్తం ఆగిపోతోంది. సుమారు 6 గంటలు దాటితే కండ చచ్చిపోతుంది, తర్వాత ఎవరూ తిరిగి తేలేరు. ఇప్పుడు లెక్క వేయండి. తెల్లారనీ అని రెండు గంటలు, బండి దొరకడానికి ఒక గంట, హైదరాబాద్ చేరడానికి రెండున్నర. ఐదున్నర గంటలు ఇలాగే అయిపోయాయి. అందుకని ఆపరేషన్ చేసిన డాక్టరే చూడాలని పట్టుబట్టకండి. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపోయి ముందు ఆ పట్టీ చీల్పించండి, తర్వాత పట్నం. ఈలోపు కాలును ఎత్తులో పెట్టొద్దు, గుండె మట్టానికి ఉంచండి. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెడితే లోపల రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. దానితో ఆయాసం కూడా వస్తే 108.

దిండు, ఐసు, పథ్యం

మళ్లీ పెద్దమ్మ దగ్గరికి. మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది. కానీ మోకాలు ఆ వంపులోనే గట్టిపడుతుంది, తర్వాత నిటారుగా చాపలేరు. దిండు ఉండాల్సింది మడమ కింద. కాపడం పెట్టాలని మా వదిన ఇటుక వేడి చేస్తోంది. మొదటి రోజుల్లో వేడి వాపు పెంచుతుంది. కూల్ డ్రింక్ షాపులో దొరికే ఐసు తెచ్చి, తువ్వాలులో చుట్టి, గాయం తడవకుండా పావుగంట పెడితే చాలు. రోజుకు నాలుగైదుసార్లు. నూనె మర్దన అసలే వద్దు. విరిగిన మోచేతిని తోమించుకుని, కండలో ఎముక పెరిగి, చెయ్యి కొయ్యబారిన పిల్లలున్నారు.

ఇక పథ్యం. గుడ్డు తింటే చీము, పప్పు తింటే చీము, వంకాయ సంగతి చెప్పక్కర్లేదు. పది రోజులుగా చారన్నమే. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. చీముకు భయపడాల్సింది గుడ్డుకు కాదు, అదుపు తప్పిన షుగర్‌కూ, మురికి చేతులకూ. జొన్న రొట్టె, పప్పు, గుడ్డు పెట్టమన్నాను. మలబద్ధకానికి కూడా జొన్న రొట్టె మంచిదే.

డాక్టర్‌కి ఫోన్ చేశాం. రక్త పరీక్షల్లో కిడ్నీలు బాగున్నాయని చూసుకుని, ఏది ఎప్పుడు, ఎన్నాళ్లో చెప్పాడు. వ్యాయామానికి అరగంట, ముప్పావు గంట ముందు ఒక గోలీ పడేలా టైము మార్చాడు. నొప్పి మందు ఎందుకో అప్పుడు పెద్దమ్మకు అర్థమైంది. పడుకోవడానికి కాదు, కాలు వంచడానికి. ఫిజియోథెరపీ అబ్బాయిని మళ్లీ పిలిపించారు. మూడో వారానికి మోకాలు 90 డిగ్రీలు వంగింది. "ఎంత తగ్గింది పెద్దమ్మా?" అంటే "బారాణా" అంది. మిగతా పావలా ఆమెకుంటుంది. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి నెలలు గడిచినా ఎంతో కొంత నొప్పి మిగులుతుందని అధ్యయనాలు చెప్తున్నాయి. ఆపరేషన్‌కు ముందే ఈ మాట చెప్పే డాక్టర్‌ని నమ్మొచ్చు.

ఆపరేషన్ చేసే డాక్టర్లకు ఒక విన్నపం. డిశ్చార్జి కాగితం వెనకవైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ తెలుగులో నాలుగు ముక్కలు రాయించండి: నొప్పి గోలీ ఏయే గంటలకు, ఏ తేదీ దాకా, ఏ గుర్తు కనిపిస్తే ఆగకుండా రావాలి, రాత్రి రెండింటికి ఏ నంబరుకు ఫోన్ చేయాలి. జహీరాబాద్ పక్కనే మాచునూరులో 2008 నుంచి పల్లె ఆడవాళ్లే నడుపుతున్న సంఘం రేడియో ఉంది, ఈ మాటలు చదివి వినిపించడానికి గొంతులు అక్కడున్నాయి. కాగితం అందుకునే మీరు కూడా, ఆ వెనకవైపు ఖాళీగా కనిపిస్తే, అది నిండేదాకా కారెక్కకండి.